ఊపిరితిత్తులు ఒప్పుకోని రోగికి దవడ ఆపరేషన్: నర్వ్ బ్లాక్‌లతో చేసిన ఒక కేసు

పల్నాడు వైపు నుంచి వచ్చిన రైతు. వయసు 61, బరువు 54 కిలోలు. గుంటూరు మిర్చి యార్డులో సరుకు దించి, చీకటి పడ్డాక మోపెడ్ మీద ఇంటికి పోతుంటే గేదె అడ్డం వచ్చింది. గడ్డం రోడ్డుకు కొట్టుకుంది. స్పృహ తప్పలేదు, వాంతులు కాలేదు, తల స్కాన్‌లోనూ మెడ ఎముకల్లోనూ ఏమీ లేదు. కింది దవడ మాత్రం రెండు చోట్ల విరిగింది. ఎడమవైపు గడ్డం పక్కన, అంటే పారాసింఫిసిస్ దగ్గర ఒకటి. కుడివైపు చెవి కింద దవడ మలుపు తిరిగే యాంగిల్ దగ్గర ఇంకొకటి. ఈ జంట మాకు కొత్త కాదు. దవడ గుర్రపు నాడా లాంటి ఎముక, ఒక పక్క దెబ్బ తగిలితే ఎదుటి పక్క కూడా విరగడం దానికి అలవాటు.

మామూలుగా అయితే ఇందులో రాయడానికేమీ లేదు. ముక్కులోంచి ట్యూబ్ వేసి పూర్తి మత్తు ఇస్తాం, సర్జన్ ప్లేట్లు బిగిస్తారు, మూడో రోజు ఇంటికి పంపేస్తాం. ఈయన నలభై ఏళ్లుగా రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చిన మనిషి. కూర్చుని మాట్లాడుతుంటేనే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఆక్సిజన్ పెట్టకుండా చూస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం, అంటే సాచురేషన్, 91. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల శక్తి చూసే స్పైరోమెట్రీ చేద్దామంటే విరిగిన దవడతో గొట్టాన్ని పెదవులతో బిగించి పట్టుకోలేడు. అదృష్టం కొద్దీ నాలుగు నెలల కిందట ఛాతీ డాక్టర్ చేయించిన రిపోర్ట్ వాళ్ల సంచిలో దొరికింది. ఎఫ్‌ఈవీ1, అంటే గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, ఉండాల్సినదానిలో 34 శాతం. గుండె ఎకో పర్వాలేదు.

ఇలాంటి ఛాతీకి ట్యూబ్ వేస్తే బ్రాంకోస్పాజమ్ వస్తుందేమో, అంటే శ్వాసనాళాలు బిగుసుకుపోతాయేమో అన్నది మత్తు డాక్టర్‌గా నా మొదటి భయం. దానికన్నా పెద్ద భయం ట్యూబ్ తీసేటప్పుడు. ఒకవేళ వెంటిలేటర్ మీద ఉండిపోతే ఎన్నాళ్లో చెప్పలేం. సర్జన్‌తో మాట్లాడుతూ "పోనీ ప్లేట్లు వద్దు, పళ్లకు తీగలు కట్టి నాలుగైదు వారాలు నోరు మూసి ఉంచుదాం, ఎముక అదే అతుక్కుంటుంది" అని కూడా అనుకున్నాం. కానీ నోరు కట్టేస్తే ఈయన ఇన్‌హేలర్ ఎలా పీల్చాలి? ఆయాసం వచ్చినప్పుడు నోటితో గాలి ఎలా తీసుకోవాలి? ఆ దారి పూర్తి మత్తు కన్నా ప్రమాదం. కాబట్టి ప్లేట్లు వెయ్యాల్సిందే, ఆపరేషన్ అయ్యాక నోరు తెరిచి వదిలెయ్యాల్సిందే. మత్తు మాత్రం నరాలకే, అంటే ఆ చోటికి పోయే నరాల పక్కన మందు వదిలి మొద్దుబార్చే బ్లాక్‌లతోనే.

నరాల లెక్క

జూనియర్లు ఇక్కడ చేసే తప్పు ఒకటుంది. ఎక్స్‌రేలో విరుగు ఎక్కడుందో చూసి, ఆ ఎముకకు వెళ్లే నరాన్ని మొద్దుబారిస్తే చాలనుకుంటారు. కింది దవడ అనగానే ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్ బ్లాక్ అంటారు. సర్జన్ చెయ్యి మాత్రం విరిగిన చోట ఒక్కదాన్నే ముట్టుకోదు. కత్తి ఎక్కడ పెడతారు, రిట్రాక్టర్ ఎక్కడ లాగుతుంది, తీగ ఎక్కడ దూరుతుంది, స్క్రూ ఎక్కడ దిగుతుంది అని సర్జన్‌ని ఒక్కొక్కటీ అడిగి, అప్పుడు నరాల జాబితా రాసుకోవాలి.

ఈ కేసులో కుడి యాంగిల్‌ను బయటినుంచి, దవడ అంచుకు రెండు సెంటీమీటర్ల కింద కోసి చేస్తామన్నారు. ఆ చర్మం ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరానిది కాదు. దవడ మలుపు మీది చర్మం గ్రేట్ ఆరిక్యులర్ నరానిది, దాని కింద మెడ చర్మం ట్రాన్స్‌వర్స్ సర్వైకల్ నరానిది. రెండూ మెడలోంచి, అక్కడి రెండు, మూడో వెన్ను నరాల (సీ2, సీ3) నుంచి వచ్చేవే. ట్రైజెమినల్‌లో కింది దవడకు పోయే కొమ్మను, అంటే మాండిబ్యులర్ నరాన్ని, ఎంత బాగా బ్లాక్ చేసినా అక్కడ కత్తి పెడితే రోగి అరుస్తాడు. అందుకని కుడివైపు మెడ చర్మానికి పోయే నరాల గుంపుకు, అంటే సూపర్‌ఫిషియల్ సర్వైకల్ ప్లెక్సస్‌కు కూడా బ్లాక్ కావాలి. ఇది మెడ పక్కనుండే స్టెర్నోమాస్టాయిడ్ కండరం వెనక అంచు మధ్యలో, చర్మం కిందనే ఇచ్చే బ్లాక్. సూది లోతుకు పోతే ఫ్రెనిక్ నరం పడిపోతుంది, అది ఆడించే ఊపిరి కండరం, డయాఫ్రమ్, ఆ వైపు ఆగిపోతుంది. మనకు ఒకరోజు కాస్త ఆయాసం అనిపించే విషయం ఈయనకు ప్రాణం మీదికి వస్తుంది.

కుడివైపు ఎముకకూ, లోపలి చిగురుకూ, నాలుకకూ మాండిబ్యులర్ నరాన్ని దాని మొదట్లోనే, పుర్రె అడుగున అది బయటికొచ్చే రంధ్రం, ఫొరామెన్ ఒవేల్ కింద పట్టుకోవాలనుకున్నాను. ఆయన నోరు 16 మిల్లీమీటర్లే తెరుచుకుంటోంది. నోట్లోంచి మామూలు బ్లాక్ కుదరదు. నోరు మూసి ఉన్నా ఇవ్వగలిగే అకినోసి పద్ధతి 1977 నుంచీ ఉంది, మంచిదే. కానీ ఆ సూది దవడ లోపలి గోడ వెంట పోతుంది. సీటీలో సరిగ్గా అక్కడే, విరుగు పక్కన రక్తం గడ్డ కనిపించింది. దాంట్లోంచి సూది దూర్చడం ఇష్టం లేక బయటి దారి ఎంచుకున్నాను. చెంప ఎముక కింద, దవడ పైకొసలు రెండిటికీ, అంటే కాండైల్‌కూ కొరొనాయిడ్‌కూ మధ్య ఉండే సిగ్మాయిడ్ నాచ్‌లోంచి.

ఎడమవైపు పారాసింఫిసిస్‌ను నోట్లోంచే చేస్తారు కాబట్టి అక్కడ కింది పళ్లకూ ఎముకకూ పోయే ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్, నాలుకకు పోయే లింగ్వల్, చెంపవైపుకు పోయే బక్కల్ నరాలు చాలు. కానీ దానికి నోరు తెరుచుకోవాలి. ఇక్కడే వరస ముఖ్యమైంది. ఆయన నోరు తెరవలేకపోవడానికి కారణం కుడి యాంగిల్ నొప్పి వల్ల కండరాలు బిగుసుకోవడం. గుట్కా నమిలి నమిలి చెంపలు తోలులా గట్టిపడిన వాళ్లలో ఎన్ని బ్లాక్‌లు ఇచ్చినా నోరు తెరుచుకోదు, ఈయనది అది కాదు. అంటే కుడివైపు బ్లాక్ ముందు పనిచేస్తే నోరు దానంతటదే తెరుచుకోవాలి, అప్పుడు ఎడమవైపు నోట్లోంచి ఇవ్వచ్చు.

రెండు పక్కలా నాలుక మొద్దుబారితే అది వెనక్కి పడి ఊపిరి ఆడదేమో అని ఒక పీజీ అడిగాడు. మంచి ప్రశ్న. నాలుకను కదిలించేది హైపోగ్లాసల్ నరం, దాని జోలికి మనం పోవడం లేదు. స్పర్శ పోతుంది కానీ కదలిక పోదు. మింగడం కాస్త తడబడుతుంది, అంతే.

మొద్దుబార్చే మందులు రెండిటికీ దాటకూడని మోతాదు లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించాను. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ కిలోకు 7 మి.గ్రా. చొప్పున 378 మి.గ్రా., బుపివకెయిన్ కిలోకు 2 మి.గ్రా. చొప్పున 108 మి.గ్రా. రెండూ వాడుతున్నప్పుడు ఒక్కోదానికి విడిగా హద్దు ఉంది కదా అనుకోకూడదు, విషం రెండిటిదీ కలుస్తుంది. శాతాలు కూడాలి. బుపివకెయిన్ కుడి మాండిబ్యులర్‌కు 0.5% 4 మి.లీ., మెడకు 0.25% 6 మి.లీ., మొత్తం 35 మి.గ్రా. అంటే 32 శాతం. లిగ్నోకెయిన్ 2% చర్మానికి 1, ఎడమవైపుకు 3, పై దవడకు 4, కోత గీత వెంట సర్జన్‌కు 3, మొత్తం 11 మి.లీ., 220 మి.గ్రా., అంటే 58 శాతం. కలిపి 90. చేతిలో మిగిలేది ఒకటిన్నర మి.లీ. కన్నా కాస్త ఎక్కువ లిగ్నోకెయిన్ మాత్రమే. ఈ మందులు విషమైతే విరుగుడుగా ఇచ్చే 20% లిపిడ్ ఎమల్షన్ సీసా థియేటర్‌లోకి తెప్పించి, దాని మీద మార్కర్‌తో "81 మి.లీ." అని రాశాను. కిలోకు 1.5 మి.లీ. చొప్పున ఈయనకు మొదటి డోసు అది. ఫిట్స్ వచ్చినప్పుడు గుణకారం చేస్తూ నిలబడలేం.

ఆ రోజు

ముందురోజు సాయంత్రం ఆయన పక్కన అరగంట కూర్చున్నాను. నా అనుభవంలో ఈ అరగంట ఒక మందు డోసుతో సమానం. "పెద్దాయనా, మీకు మెలకువగానే ఉంటుంది. నొప్పి ఉండదు, కానీ చప్పుడు, అదురు తెలుస్తాయి. డ్రిల్ పెట్టినప్పుడు పిండిమరను చెవిలో పెట్టినట్టు ఉంటుంది. నొప్పనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి. ఎత్తగానే ఆపేస్తాం" అన్నాను. ఆయన మూసిన పళ్ల మధ్య నుంచి "ఆపకపోతే?" అన్నాడు. "నేను మీ తల దగ్గరే ఉంటాను, నేనాపుతాను" అన్నాక తలూపాడు. ఆయన భార్య మాత్రం "మెలకువగా ఉంచి కోస్తారా అయ్యా" అని రెండుసార్లు అడిగింది.

ఉపవాసం పూర్తి మత్తుకు ఉంచినట్టే ఉంచాం. చూస్తూ ట్యూబ్ వెయ్యడానికి ఫైబర్‌ఆప్టిక్ స్కోప్, అదీ కుదరకపోతే మెడ దగ్గర గాలికి దారి తెరిచే ట్రకియాస్టమీ సెట్ తెరిచి పెట్టాం. బ్లాక్ కుదరకపోతే ఏం చేయాలో బ్లాక్ ఇవ్వకముందే తెలిసి ఉండాలి. ఉదయం నెబ్యులైజేషన్, తర్వాత మగతకు డెక్స్‌మెడెటొమిడిన్ 27 మైక్రోగ్రాములు పదిహేను నిమిషాల మీద. ఊపిరిని అణిచే మిడజొలామ్, ఫెంటనిల్ ముట్టుకోలేదు. నాడి 54కి దిగింది కానీ బీపీ నిలబడింది.

తలవైపు పాతిక డిగ్రీలు ఎత్తి మొదలుపెట్టాం. సిగ్మాయిడ్ నాచ్ మీద ముందుగా అల్ట్రాసౌండ్ పెట్టి మాగ్జిలరీ ధమని ఎక్కడ కొట్టుకుంటోందో చూసుకున్నాను. కరెంటుతో నరాన్ని వెతికే నర్వ్ స్టిమ్యులేటర్ వాడలేదు. అది దవడను ఎగరేస్తుంది, విరిగిన దవడను ఎగరేయడం హింస. 22 గేజ్ స్పైనల్ సూది 4.3 సెం.మీ. లోతున ఎముకకు, అంటే లేటరల్ టెరిగాయిడ్ ప్లేట్‌కు తగిలింది. ఆ లోతుకు రబ్బరు గుర్తు జరిపి, సూదిని చర్మం దాకా వెనక్కి తీసి, కొంచెం వెనకవైపుకు తిప్పి మళ్లీ పంపాను. మొదటిసారి సిరంజిలో రక్తం వచ్చింది. తీసేసి మూడు నిమిషాలు అదిమిపట్టాను. రెండోసారి 4.6 దగ్గర ఆయన ఎడమ చెయ్యి కాస్త ఎత్తి, కింది పెదవి చూపించాడు. చీమలు పాకినట్టుందట. అక్కడ 3 మి.లీ. వదిలాను. మిగిలిన 1 మి.లీ. సూది బయటికి తీస్తూ వదిలాను, చెవి ముందు చర్మానికి పోయే ఆరిక్యులోటెంపోరల్ నరం కూడా దొరుకుతుంది కదా అని. ఈ ఒక్క మి.లీ. గురించి తర్వాత చెబుతాను.

మెడ బ్లాక్ ఇచ్చి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాం. బ్లాక్ పనిచెయ్యలేదని చెప్పే కేసుల్లో సగం, పనిచెయ్యడానికి టైమ్ ఇవ్వని కేసులే అని నా నమ్మకం. పదిహేను నిమిషాలకు స్కేల్ పెట్టి చూస్తే నోరు 29 మిల్లీమీటర్లు తెరుచుకుంది. సర్జన్ ఏమీ అనకుండా గ్లవ్స్ వేసుకోవడానికి వెళ్లారు. ఎడమవైపు నోట్లోంచి ఇచ్చిన బ్లాక్ ఐదు నిమిషాల్లో పట్టింది.

మొదటి అరగంట ఇబ్బంది లేదు. ఇబ్బంది వచ్చింది మేం అనుకున్న చోట కాదు. పళ్ల వరస సరిగ్గా కూర్చోబెట్టడానికి పై పళ్లకూ కింది పళ్లకూ ఆర్చ్ బార్లు, అంటే లోహపు పట్టీలు, తీగలతో కట్టాలి. పై కుడివైపు మూడో తీగ దూర్చగానే పెద్దాయన చెయ్యి లేచింది. అందరం ఆగాం. నేను పై దవడకు మందు ఇచ్చాను, కానీ చెంపవైపు మాత్రమే. తీగ పళ్ల మధ్య నుంచి దూరి అంగిలి వైపు చిగురులోంచి తిరిగి వస్తుంది. ఆ చిగురు వెనక గ్రేటర్ పాలటైన్ నరానిది, ముందు నేసోపాలటైన్‌ది. కాగితం మీద "పై దవడ" అని రాసి, సగమే ఇచ్చాను. సర్జన్ నవ్వుతూ "విరిగింది కింది దవడ కదా, పై దవడ మీకెందుకు గుర్తుంటుంది" అన్నారు. మూడు చోట్ల కలిపి 1 మి.లీ. ఇచ్చాను. అంగిలిలో సూది నొప్పే, దాన్ని తప్పించలేం. నెమ్మదిగా ఇచ్చి, ఇస్తున్నంతసేపూ పక్కన వేలితో గట్టిగా నొక్కిపట్టాలి. లెక్క 95 శాతానికి చేరింది. దీని తర్వాత ఇంకేదైనా నొప్పి అంటే మందు కాదు, వేరే ఉపాయం చూడాలి. అవసరం రాలేదు.

ఆక్సిజన్ గురించి ఒక మాట. ముఖం మీద గుడ్డలు, వాటి కింద ముక్కు దగ్గర ఆక్సిజన్, పైన రక్తం ఆపడానికి కాల్చే కాటరీ. నిప్పంటుకోవడానికి కావాల్సిన మూడూ ఒక్కచోటే ఉంటాయి. ఈయన విషయంలో ఊపిరితిత్తులే మాకు మేలు చేశాయి. ఇలా శ్వాసనాళాలు దీర్ఘకాలంగా దెబ్బతిన్న సీఓపీడీ వాళ్లకు సాచురేషన్ 88 నుంచి 92 మధ్య చాలు, అంటే ఆక్సిజన్ తక్కువే ఇస్తే సరిపోతుంది. కాటరీ అవసరమైనప్పుడు సర్జన్ ముందే చెప్పేవారు, నేను ఆక్సిజన్ కట్టేసి రెండు నిమిషాలు ఆగేవాణ్ని, గుడ్డ ఎత్తి గాలి ఆడనిచ్చేవాణ్ని. కరెంటు రెండు మొనల మధ్యే పారే బైపోలార్ కాటరీ మాత్రమే వాడారు. ఆ రెండు నిమిషాల్లో సర్జన్ విసుగు మొహంలో కనిపించేది. పర్వాలేదు.

ఎడమవైపు డ్రిల్ చేస్తున్నప్పుడు చల్లదనానికి పోసే సెలైన్ ఒకసారి గొంతులోకి జారి దగ్గు వచ్చింది. డ్రిల్ నోట్లో ఉండగా దగ్గడం ఎంత భయంగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. అప్పటినుంచి సక్షన్ గొట్టం పట్టుకునే పని ఒక మనిషికి అదే పనిగా అప్పగించాం, నీళ్లు పోసే ముందు "మింగకండి" అని చెప్పడం మొదలుపెట్టాం. ముందువైపు రెండు మినీప్లేట్లు, యాంగిల్‌కు ఒకటి, విరుగులో ఇరుక్కుని చీము పట్టిన జ్ఞానదంతం బయటికి. మొత్తం గంటా యాభై నిమిషాలు. చివర్లో తీగలు విప్పి నోరు తెరిపిస్తే పళ్లు సరిగ్గా కూర్చున్నాయి. ఆయన మొదట అడిగింది బీడీ. నవ్వుకున్నాం గానీ అది నవ్వే సంగతి కాదు. మొద్దుబారిన పెదవికి బీడీ నిప్పు తెలియదు, వేడి కాఫీ తెలియదు. స్పర్శ తిరిగి వచ్చేదాకా చల్లటి మజ్జిగ తప్ప ఏమీ ఇవ్వొద్దని కొడుక్కి రెండుసార్లు చెప్పాను. మొదటి నొప్పి మాత్ర ఏడు గంటల తర్వాత అడిగాడు.

మూతి వంకర

వార్డుకి వెళ్లిన గంటకు ఫోన్ వచ్చింది. "సార్, నాన్నకి మూతి వంకర పోయింది, కుడి కన్ను మూసుకోవట్లేదు, పక్షవాతం వచ్చిందంటున్నారు." వెళ్లి చూశాను. నుదురు ముడతపడటం లేదు, కుడి కన్ను మూతపడటం లేదు, కింది పెదవి కుడి మూల కిందికి దిగడం లేదు. కాళ్లూ చేతులూ, మాటా అన్నీ బాగున్నాయి. నుదురు కూడా పోయిందంటే లోపం మెదడులో కాదు, ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నరంలోనే. సూది తీస్తూ నేను వదిలిన ఆ 1 మి.లీ. బుపివకెయిన్ చెవి ముందుండే లాలాజల గ్రంథి, పరోటిడ్‌లోకి పాకి, దాంట్లోంచి పోయే ఫేషియల్ నరం కొమ్మల్ని పట్టుకుంది. కంటికి ఆయింట్‌మెంట్ రాసి టేపు వేశాం. "మత్తు దిగగానే వస్తుంది" అని ఇంటివాళ్లకు చెప్పాను. ఆ మాట నుదురు, కన్ను సంగతిలో ధైర్యంగానే చెప్పాను.

పెదవి సంగతిలో నాకే నమ్మకం లేదు. పెదవి మూలను దించేది మార్జినల్ మాండిబ్యులర్ కొమ్మ. అది సరిగ్గా సర్జన్ కోసిన దారిలోనే ఉంటుంది. అది పడిపోవడానికి మూడు కారణాలుండొచ్చు: నా బ్లాక్, కోత గీత వెంట ఇచ్చిన లిగ్నోకెయిన్, రిట్రాక్టర్ లాగుడు. మూడూ ఒకే రోజు జరిగాయి. బ్లాక్ ఇచ్చాక, కత్తి పెట్టకముందు "పళ్లికిలించండి, కళ్లు గట్టిగా మూయండి" అని ఒక్కసారి అడిగి రాసి ఉంటే సగం చిక్కు విడిపోయేది. అడగలేదు. ఇంకో నష్టం కూడా ఉంది. సర్జన్ లోపల నరాన్ని వెతుకుతూ ఫోర్సెప్స్‌తో తాకి, పెదవి కదులుతుందేమో చూస్తారు. నరం మందుతో మొద్దుబారి ఉంటే పెదవి కదలదు, ఆయన అది నరం కాదనుకుంటారు. నేను ఆదా చేద్దామని వదిలిన ఒక మి.లీ. ఆయన కళ్లకు గంతలు కట్టింది.

సాయంత్రం ఐదు గంటలకు కన్ను మూతపడింది, రాత్రికి నుదురు ముడతలు వచ్చాయి. పెదవి మూల రాలేదు. మర్నాడూ రాలేదు. అంటే అది మందు కాదు, నరం లాగుడుకి దెబ్బతింది. సర్జన్ నేనూ కలిసి వెళ్లి ఇంటివాళ్లకు చెప్పాం, వారాల్లో వస్తుంది అని. నిన్న మత్తు అన్నారు, ఇవాళ నరం అంటున్నారు అని కొడుకు మొహం మాడ్చుకున్నాడు. అతని తప్పు లేదు.

ఇప్పుడు బయటినుంచి మాండిబ్యులర్ బ్లాక్ ఇస్తే సూది తీస్తూ మందు వదలను. ఆరిక్యులోటెంపోరల్ కావాలంటే విడిగా, చెవి ముందు చర్మం కిందే అర మి.లీ. ఇస్తాను. బయటి కోత ఉన్న ప్రతి కేసులో ఫేషియల్ నరం ఐదు కొమ్మల్నీ బ్లాక్‌కు ముందొకసారి, తర్వాతొకసారి చూసి, టైమ్‌తో సహా రాస్తాను.

ఆరో వారం చూపించుకోవడానికి వచ్చాడు. పెదవి రెండు మూలలూ సమానంగా దిగుతున్నాయి. బుగ్గలు పూరించమంటే పూరించి, గాలి పోకుండా పట్టి చూపించాడు. నోరు 38 మిల్లీమీటర్లు. ఎడమ గడ్డం మీద రూపాయి బిళ్లంత మేర ఇంకా తిమ్మిరిగా ఉందన్నాడు. కొడుకు వెంటనే నా వైపు తిరిగాడు. ఫైలు తెరిచి మొదటి పేజీ చూపించాను. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం, ఆ అరగంటలో నా చేత్తో రాసింది: ఎడమ మెంటల్ నరం (గడ్డం చర్మానికి పోయేది), స్పర్శ తక్కువ, దెబ్బ తగిలినప్పటినుంచీ. చదివి, "ఇది ముందే ఉందిలే నాన్నా" అన్నాడు.